పసుపు కుప్ప ముందు తీసిన ఫొటో

2022 నాటికి ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్‌లో మా ముందుగది నుంచే ఆన్‌లైన్‌లో దుపట్టాలు అమ్ముతున్నాను. దుకాణం లేదు, బోర్డు లేదు, ఫోనే అన్నీ. ఫొటో తీసి, వివరాలు రాసి పేజీలో పెట్టడాన్ని మేం లిస్టింగ్ అంటాం. రంగులు మెరిపించే ఫిల్టర్లు బోలెడున్నా నేను వాడను.

మా అమ్మీ బట్టల మూటతో ఊరూరా తిరిగి అమ్మేది. చిరుగో మరకో ఉంటే ముందు అదే చూపించేది. "ఐబ్ దాచి అమ్మితే బర్కత్ పోతది బేటా" అనేది. ఐబ్ అంటే లోపం, బర్కత్ అంటే అల్లా ఇచ్చే వృద్ధి. మా దీన్‌లో, అంటే మతంలో, వ్యాపారానికి అదే మొదటి పాఠం. "ముందే చెప్తే ఎవరు కొంటరమ్మీ?" అని వాదించేదాన్ని. ఆమె దగ్గర నా పప్పులు ఉడకలేదు. 2022 నాటికి ఆమె పోయి మూడేళ్లు.

పసుపు సీజన్లో ఒక పొద్దున, ఆర్మూర్‌లో తెలిసినవాళ్ల కల్లంలో ఎండబోసిన పసుపు కుప్ప ముందు దుపట్టా ఆరేసి ఫొటో తీసి పేజీలో పెట్టాను. ఫిల్టర్ లేదు కాబట్టి నా మనసు నిమ్మళం. గంటలోనే భీమ్‌గల్ నుంచి సుజాత అనే అమ్మాయి ఫోన్ చేసింది. మా పేజీలో కొనేవాళ్లకు నేను ఆపాని, అంటే అక్కని.

"ఆపా, గిదే రంగు! మా అమ్మ పండుగకు కట్టే చీర గిదే పసుపు. గా చీర ఆమెతోనే పోయింది. ఎల్లుండి చెల్లె పెండ్లి హల్దీ. గిది దాని భుజం మీద కప్పుత, అమ్మ చెయ్యేసినట్టుంటది."

ఆ దుపట్టాను ఆమె పేరున పక్కన పెట్టాను.

మధ్యాహ్నం పార్సెల్ కడుతుంటే చూశాను. గదిలో ఆ దుపట్టా నిమ్మపండు రంగులో ఉంది. ఫొటోలోని పసుపంతా ఎండలో కుప్ప మీంచి బట్ట మీద పడిన వెలుగు. నేనేం అబద్ధమాడలేదు కదా అని నాతో నేనే కాసేపు బేరమాడాను. పంపేస్తే, హల్దీలోపు వేరేది వెతుక్కునే టైం కూడా ఆమెకు ఉండదు. వీడియో కాల్ చేసి దుపట్టాను కిటికీ దగ్గర పట్టుకున్నాను.

"చెల్లె, ఫొటోల ఉన్న రంగు దీనిది కాదు, పసుపు కుప్పది. తప్పు నాదే."

సుజాత కళ్లు తుడుచుకుంది. "మరి గా రంగు యాడ దొరుకుతది ఆపా?"

"నాకెరికైన కాడ యాడా లేదు చెల్లె."

"అయితే వద్దు. గా ఫొటో మాత్రం తీసెయ్యకు. అప్పుడప్పుడు చూసుకుంట."

పేజీలో ఉంచితే ఇంకొకరు మోసపోతారు. తీసేసి ఆమె ఒక్కదానికే పంపాను. నిజం చెప్తే మనసు తేలికవుతుందంటారు, ఆ రోజు నాకు కాలేదు. ఐబ్ దాచకూడదని అమ్మీ నేర్పింది. చెప్పాక ఎదుటి మనిషి ఉత్త చేతులతో మిగిలితే ఆ బాధలో మనకూ వాటా ఉంటుందని సుజాత వల్ల తెలిసింది. అప్పటి నుంచి ప్రతి దుపట్టానూ కిటికీ దగ్గరే ఫొటో తీస్తున్నాను.

హల్దీ రోజు సుజాత ఒక ఫొటో పంపింది. చెల్లె భుజం మీద ఏ బట్టా లేదు, పసుపు అంటిన సుజాత చెయ్యి ఉంది. అచ్చంగా ఆ రంగే. చూస్తూ కూర్చున్నాను. మా అమ్మీ చెయ్యి ఒక్కసారి నా భుజం మీద పడితే బాగుండుననిపించింది.