చాచా ఖాళీగా ఉంచమన్న చోటు

బుధవారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: డ్రిల్లింగ్ చాచా పోయారన్న ఫోను మా చెల్లెలికి వచ్చింది, నాకు కాదు. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతున్నది నేను. అదింకా ఇంటర్‌లోనే ఉంది. అయినా చాచీ ఆస్పత్రి నుంచి దానికే చేసింది. ఏడుపు కంటే ముందు నాకు అసూయ వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

గోదావరిఖనిలో చాచా వాళ్లది మా పక్క క్వార్టర్. బొగ్గు కోసం బోర్లు వేసే పనిలో రిటైరయ్యారు. బోరులోంచి కడ్డీల్లా వచ్చే రాళ్లను లోతు ప్రకారం చెక్కపెట్టెలో పేర్చేవారట. అలాంటి పాత పెట్టె ఒకటి వాళ్ల వరండాలో ఉండేది. ఒకసారి దాన్ని తుడుస్తూ, మధ్యలో జానెడు ఖాళీ కనిపిస్తే రాళ్లను దగ్గరికి జరిపేశాను. అందంగా సర్దాననుకున్నాను.

"అరే బేటా, ఏం జేసినవ్? ఆ లోతుల రాయి పైకి రాలే. రానిది రాలేదనే చూపియ్యాలె."

చెల్లెలు వెంటనే రాళ్లను వెనక్కి జరిపి, ఖాళీలో గుర్తుగా ఓ చెక్కముక్క పెట్టింది.

"షాబాష్! నువ్వు నా డ్యూటీల ఉండాల్సింది."

ఆ షాబాష్ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నేల చీలి కుంగిన చోట ఏర్పడే రిఫ్టుకు 'పగులు లోయ' అని నేనే పేరు పెట్టుకుని, మురిసిపోతూ ఆయనకు చెప్పాను.

"మంచిగుంది. మన గోదారి లోయ గూడ గసుంటిదే. నేల చీలుదామని మొదలువెట్టి ఆగింది. పూరా చీలితే ఈడ సముద్రమే. మీ నాయిన షిఫ్టుకు పడవల పోతుండె!"

చెల్లెలు పడీపడీ నవ్వింది. చాచా చూపు దానివైపే.

మొన్న ఆదివారం నా సెమినార్ పటం చూపించాను. పడమటి తీరం, ఖండం చీలినప్పుడు పొంగిన లావా, అవతల అరేబియా సముద్రం. తీరం దాటగానే నీళ్ల అడుగున లావా కిందంతా సముద్రపు రాయేనని నల్లగా నింపేశాను.

చాచా ఆ నలుపు మీద వేలు పెట్టారు. "లావా కింద ఏమున్నదో నీకెట్ల తెలిసింది? చీలేముందు నేల చపాతీ పిండి లెక్క సాగుతది. సాగిన ముక్క నీళ్ల కింద ఎంత దూరం పోయిందో! అంత లోతు బోరు దిగిందా?"

"పుస్తకంలో ఉంది చాచా."

"పుస్తకంల ప్రశ్న గుర్తు లేదా?"

ఉంది. మార్కులు తగ్గుతాయని నేనే వదిలేశాను.

"అక్కా, మళ్ల రాళ్లు దగ్గరికి జరిపినవ్," అంది చెల్లెలు.

ఆ కోపంతో నేను మళ్లీ చాచా గడప తొక్కలేదు. ఆయనకు మిగిలింది ఆ రెండు రోజులే.

ఈ మధ్యాహ్నం మగవాళ్లు కబ్రస్తాన్ నుంచి తిరిగొచ్చాక చాచీ అంది: "నిన్న మీ చెల్లెను అడిగిన్రు, అక్క పటం మార్చిందా అని."

అది కూడా దాన్నే అడిగారు.

"నువ్వేం చెప్పినవే?" అన్నాను చెల్లెలితో.

"మారుస్తది, ఫికర్ చెయ్యకు చాచా అన్న."

సాయంత్రం ఆ నలుపంతా చెరిపాను. మరక పోలేదు. రేపు పొద్దున సెమినార్‌కు కాలేజీకి వెళ్లే మంచిర్యాల బస్సు వచ్చేలోపు కొత్త చార్టు మీద మళ్లీ గీస్తాను. లావా కింద తెల్లగా వదిలేసి ప్రశ్న గుర్తు పెడతాను. చెల్లెలిని ఆరింటికే లేపాలి. స్కేలు అదే పట్టుకుంటుంది.