కుడిచేతి వైపు మెట్లు

మా ముత్తాత ఆదోని పత్తి వర్తకుల్లో పెద్ద. ఆయన తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పేదాకా ఆ రోజు బేరాలు మొదలయ్యేవి కావు. మా తాతకు పత్తి మిల్లు, పురపాలక సంఘంలో కుర్చీ ఉండేవి. మా నాయనకు ఆ మిల్లు తాళంచెవులు మాత్రం మిగిలాయి. నాకు వచ్చిందల్లా ముత్తాత ఊరికోసం కట్టించిన పఠన మందిరంలో మూడో వంతు, రేకు గొట్టంలో చుట్టిపెట్టిన ఒక మైనపు గుడ్డ. మందిరంలో మిగతా రెండు వంతులు మా చిన్నాయనల కొడుకులవి.

ఆ గుడ్డ మీద ఒక ఇంగ్లీషు దొర గీసిన పటం ఉంది. మద్రాసు సర్కారుకు కోర్టులు, ఆసుపత్రులు, కాలేజీలు గీసి ఇచ్చినవాడు ఆయన. ముత్తాత మద్రాసు వెళ్లి, ఆ చేత్తోనే మా మందిరానికి పటం గీయించుకుని వచ్చాడు. కట్టడం పూర్తయ్యాక దొర చూడడానికి వచ్చాడట. లోపలికి అడుగుపెట్టి, కుడివైపు నడిచి, గోడ ముందు చాలాసేపు మాట లేకుండా నిలబడిపోయాడట. వడ్డించిన భోజనం కూడా ముట్టకుండా రైలుకు వెళ్లిపోయాడట. అంత అందంగా కుదిరిందన్నమాట అనేవాడు తాత. నేనూ ఎన్ని పెళ్లి పందిళ్లలో చెప్పానో.

రెండేళ్ల కిందట ఆ తమ్ముళ్లు మందిరం అమ్ముదామన్నారు. కొనేవాడు పడగొట్టి అంగళ్లు కడతాడు. "దొర కట్టడాన్ని ముట్టనివ్వను" అన్నాను. ఆ దొర పనుల మీద పుస్తకం రాస్తున్న ఒక లెక్చరరమ్మకు ఉత్తరం రాశాను. ఇది ఆయనదేనని తేలితే కాపాడమని అధికారులకు తానే రాస్తానంది. తమ్ముళ్లు అప్పటిదాకా ఆగుతామన్నారు.

ఆమె వస్తూ, దొర తన పనులన్నీ సొంతంగా రాసుకున్న పట్టీ నకలు తెచ్చింది. మొదట్లో ఇతరుల పటాలకు నకళ్లు తీసిన కుర్రవాడు, తర్వాత ఒక జైలు గోడ, ఒక ఖజానా, చివరికి గుమ్మటాల కోర్టులు. మధ్యలో ఆదోని కనబడింది. ఆమె దాన్ని తెలుగులో చదివింది: "ఆదోని, పఠన మందిరం. గీశాను. కట్టలేదు."

"కట్టలేదా? మనం నిలబడింది దాంట్లోనే కదమ్మా?" అన్నాను.

ఆమె గుడ్డ పరిచింది. పటంలో మెట్లు లోపలికి రాగానే కుడిచేతి వైపు ఉన్నాయి. తలెత్తితే మందిరంలో ఎడమచేతి వైపు ఉన్నాయి. అరవై ఏళ్లుగా ఎక్కిన మెట్లు. గుడ్డనూ ఎన్నోసార్లు చూశాను. రెంటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చాను. ఎడమవైపే.

మందిరం కట్టిన మేస్త్రి మనవడు ఎమ్మిగనూరులో ఉన్నాడు. ఆయనా ముసలివాడే. గుడ్డ తీసుకుని లెక్చరరమ్మా నేనూ వెళ్లాం.

"దాంట్లో ఏముందప్పా!" అన్నాడు ఆయన, మెట్ల సంగతి అడిగితే. "దొర గీసినట్ల కడితే మెట్లు ఈశాన్యంలో పడతాండె. ఈశాన్యంలో బరువు పెడితే వంశం నిలుస్తాదా? గుడ్డ తిరగేసి కట్టమని మీ పెద్దాయనే సెప్పినాడంట. మా జేజినాయన తిరగేసినాడు."

"నువ్వు చూశావా?"

"నన్నేల అడిగేది? గుడ్డ ఎనక సూడు సామీ."

తిప్పాను. పలచని గుడ్డలోంచి గీతలు ఇటూ కనబడ్డాయి, మెట్లు ఎడమచేతి వైపున. వాటి మీద తెలుగులో గదుల పేర్లు, గజాల్లో కొలతలు. ముందు నుంచి మరకల్లా కనబడేవి. చెమ్మ అనుకునేవాణ్ని. వంశం నిలవడానికి తిరగేశారట. ఆయనిచ్చిన మజ్జిగ తాగాను.

అయితే దొర ఆ గోడ దగ్గర మెట్లు వెతుక్కున్నాడా? కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా? దొర ఎందుకలా వెళ్లిపోయాడో తెలిసీ ముత్తాత ఊరుకున్నాడా? తాతకు తెలుసా?

తిరుగు దారిలో ఆమె మెల్లగా అంది: "ఆయన కట్టడమని రాయలేనండీ, ఆయనే కాదన్నాడు. ఆయన పటానికి తిరగేసిన నకలు అని మీరు సంతకం పెట్టి ఇస్తే అధికారులను అడిగి చూస్తాను. ఒప్పుకోవచ్చు."

"మా ముత్తాత ఎవరి పటానికీ నకలు కట్టించలేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అప్పటిదాకా దొర పేరు చెప్పుకుని తలెత్తుకుని తిరిగింది నేనే. ఆమె మళ్లీ అడగలేదు.

చిన్న తమ్ముడు ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఏమన్నా, మొన్నటిదాకా దొరది, దొరది అని ఊరంతా సాటిస్తివి. దొర కాదన్యాడు. నకలు అంటే నువ్వు ఒప్పుకోవు. ఎవురిదో సెప్పు, వాన్నే అడిగి అమ్ముదాం."

అమ్మకం కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను.

పోయిన వేసవిలో మందిరం అమ్మేశాం. మెట్ల టేకును విడిగా మంత్రాలయంలో ఒక లాడ్జివాళ్లు కొన్నారు.