ఎండిన కుండలో చప్పుడు

దేని మీద ఒట్టు వేయమన్నా వేస్తాను. కడుపులో ఉన్న బిడ్డ మీద మాత్రం అడగొద్దు. ఇది జరిగింది... నాకే జరిగింది. పోయిన నెల, ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న మా ఇంట్లోనే.

ఐదో నెల స్కానింగ్‌కు అత్తతో కొత్తగూడెం వెళ్లాను. ముందు సీసాడు నీళ్లు తాగమన్నారు. డాక్టరమ్మ మొదట గుండె చప్పుడు వినిపించింది. దుబుదుబు... దుబుదుబు... చేటతో గబగబా చెరుగుతున్నట్టు. అత్త నవ్వింది. తర్వాత డాక్టరమ్మ బిడ్డ తల దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

“మెదడులో నీళ్లుండే గదులు కొంచెం వెడల్పుగ ఉన్నయమ్మా. తగ్గొచ్చు, అట్లనే ఉండొచ్చు, పెరగొచ్చు కూడా. నెల తర్వాత మళ్ల చూద్దాం.”

అత్త తిరుగు బస్సులోనే తీర్పు చెప్పేసింది.

“తలకాయల నీళ్లు ఊకెనే వస్తయా? నా కండ్ల ముంగటనే సీసా ఖాళీ చేస్తివి!”

“స్కానింగ్ కోసం తాగమన్నరు అత్తమ్మా...”

“సప్పుడు చెయ్యకు. ఇగ నీళ్లు తగ్గియ్యాలె.”

మా అత్త మంచిది. ఆ మంచితనంతోనే చంపుతుంది. ఆ రోజు నుంచి పూటకు ఒక్క గ్లాసు. భయంలో నాకూ అదే నిజమనిపించింది.

నాలుగో రోజు రాత్రి మా ఆయన బొగ్గు గనిలో నైట్ డ్యూటీ. ఎండాకాలం... కరెంటు లేదు. గొంతు ఎండిపోయి మెలకువ వచ్చింది. గుమ్మంలో చాప వేసుకుని అత్త కాపలా! మెల్లగా ఆమెను దాటి వసారాలోని కుండ దగ్గరికి వెళ్లాను. మూత మీద చెయ్యి వేశాను.

లోపల చప్పుడు.

దుబుదుబు... దుబుదుబు...

అదే. స్కానింగ్ గదిలో విన్నదే. మూత మీద నా వేళ్లకు తగులుతోంది. నా గుండేమో అనుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. కాదు... ఇది దానికంటే జోరు. మూత తీసి గ్లాసు ముంచాను. అడుగున మట్టికి తగిలి కర్రుమంది. చుక్క లేదు. నేను తాగుతానని అత్త కుండ మొత్తం వంపేసింది.

ఒట్టి కుండ... కొట్టుకుంటోంది.

అంతలో నెమ్మదించింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతోంది. దుబు... ... దుబు... ... ...

“అత్తమ్మా!”

తిట్టుకుంటూ లేచి వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

“ఏందే... ఏందా సప్పుడు?”

ఆమెకూ వినపడింది! కుండకు చెవి ఆనించింది. ఒక్కసారిగా లోపలికి ఉరికి, తాను దాచిన బిందె తెచ్చి వంచింది. సగం నేలపాలు. కుండలో నీళ్లు పడగానే చప్పుడు ఆగింది. గ్లాసు ముంచి నా నోటికి పెట్టింది.

“తాగు బిడ్డా... తాగు.”

తాగాను. లోపల బిడ్డ తన్నింది. ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం.

తెల్లారాక ఫోన్ చేస్తే, తాగే నీళ్లకూ బిడ్డ తలలో నీళ్లకూ సంబంధం లేదని డాక్టరమ్మ కోప్పడింది. మా ఆయనైతే నవ్వాడు.

“ఒట్టి కుండకు చెవి పెడితే గట్లనే మోగుతది.”

కానీ నేను చెవి పెట్టలేదు కదా, చెయ్యి కదా పెట్టింది?

రేపే రెండో స్కానింగ్. ఇప్పుడు నేను అడగడమే ఆలస్యం, అత్త గ్లాసుతో ప్రత్యక్షం. రోజూ పడుకునే ముందు కుండకు చెవి ఆనించి, చప్పుడేమీ లేదని వెంటనే లేస్తుంది. ఇవాళ మాత్రం లేవలేదు. చాలాసేపు అలాగే ఉంది...

ఏం వినపడిందో నేను అడగలేదు.