యజ్ఞనారాయణగారి స్టే

కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరైన సాయంత్రమే యజ్ఞనారాయణగారు ఒట్టు పెట్టుకున్నారు, ఇక ఎవరికీ లేచి నిలబడనని. జడ్జిగారు హాల్లోకి వచ్చినప్పుడల్లా లేచి లేచి మోకాళ్లు అరిగిపోయాయట. తెల్లాపూర్‌లో కూతురి అపార్టుమెంటుకి వచ్చాక కూడా మాట తప్పలేదు. వియ్యంకుడొస్తే కూర్చునే దండం పెట్టారు. మనిషి మంచివాడే, మొండితనం పాలే కాస్త ఎక్కువ.

కూతురు ఉమాశ్రీకి ఎనిమిదో నెల పడిన వారానికే హైటెక్ సిటీ ఆఫీసులో, మీటింగు మధ్యలో నొప్పులొచ్చాయి. తండ్రి పోలికే కదా, గ్యాసనుకుని స్లైడ్లన్నీ పూర్తిచేసి, ఎవరికైనా సందేహాలున్నాయా అని కూడా అడిగి, అప్పుడు కూలబడింది. అల్లుడు రోహిత్ ఆసుపత్రిలో చేర్చాడు. యజ్ఞనారాయణగారూ భార్య కనకలక్ష్మీ క్యాబ్‌లో వెనకాలే వచ్చిపడ్డారు.

డాక్టరు వాసంతి విషయం దాచలేదు. "బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదండి. వాటికోసం ఇంజెక్షన్లిస్తున్నాం. అవి పనిచేయడానికి రెండు రోజులు కావాలి. అందాకా నొప్పులు ఆగడానికి మాత్రలు."

కనకలక్ష్మి కళ్లు మూసుకుని దేవుడికి మొక్కుకుంది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"అంటే స్టే ఇచ్చారన్నమాట."

స్టే సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఒక ప్రహరీగోడ తగాదాలో పదిహేను రోజులకని ఇచ్చిన స్టే, కక్షిదారులిద్దరూ పోయినా చెక్కుచెదరలేదు. ఇప్పుడు వాళ్ల మనవలు అనుభవిస్తున్నారు. "రెండు రోజులన్నది మాటవరసకే. పొడిగిస్తూ పోతే నెలలు వాటంతటవే నిండుతాయి," అని భార్యకు ధైర్యం చెప్పి, క్యాంటీన్‌కెళ్లి దోసె తిన్నారు.

మర్నాడు రౌండ్స్‌కొచ్చిన డాక్టర్ని కూర్చున్నచోటునుంచే పొడిగింపు అడిగారు.

"లేదండి. రెండు రోజులకి మాత్రలు ఆపేస్తాం. అంతకుమించి ఇచ్చినా లాభముండదు. ఆ తర్వాత బిడ్డ ఇష్టం."

"ఇంతకీ ఏం మాత్రలమ్మా అవి?"

"బీపీకి వాడేవేనండి. గర్భసంచి బిగువు కూడా తగ్గిస్తాయి."

ఆయన చొక్కా జేబులోంచి తన బీపీ మాత్రల షీటు తీసి ఆమె చేతిలో పెట్టబోయారు. "ఇవి అమ్మాయికి వాడండి. నాకు లేకపోయినా ఫర్వాలేదు."

వాసంతికి నవ్వొచ్చింది కానీ, ఆయన నిజంగానే అంటున్నారని గ్రహించి ఆపుకుంది. "మీవి మీరే వేసుకోండి. మర్చిపోకుండా."

పెట్టిన గడువుకే తీరిపోయే స్టేని ఆయన సర్వీసంతటిలో చూడలేదు. అప్పుడు పట్టుకుంది భయం. వార్డు బయట కుర్చీ వేసుకుని, దగ్గినవాణ్నీ ఫోను మోగినవాణ్నీ "సైలెన్స్" అని గదమాయించడం మొదలుపెట్టారు. చప్పుడుకి కడుపులోని కక్షిదారు కదులుతాడని ఆయన అనుమానం.

నేల తుడిచే అంజమ్మ ఊరుకోలేదు. "ఏంది సారు, అందరికన్న మీ లొల్లే ఎక్కువున్నది. బిడ్డ లేస్తే మీ గొంతుకే లేస్తది. జర సప్పుడు చెయ్యకుండ్రి."

యజ్ఞనారాయణగారు గొంతు తగ్గించారు. "భయంగా ఉందమ్మా."

"నాకెర్కే సారు," అని ఆమె ఆయన కుర్చీ చుట్టూ మెల్లగా తుడిచింది.

ఇంజెక్షన్ల గడువు దాటింది, మాత్రలు ఆపారు. ఆ పూటే నొప్పులు తిరిగొచ్చాయి. ఉమాశ్రీని లోపలికి తీసుకెళ్లారు. ఈయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. రోహిత్ ల్యాప్‌టాప్ మూసేశాడు. కనకలక్ష్మి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడుపు వినబడితే ఊపిరి ఉన్నట్టేనని నర్సు చెప్పి వెళ్లింది.

చాలాసేపటికి తలుపు వెనకనుంచి ఏడుపు వినిపించింది. పీలగా, ఆగి ఆగి.

యజ్ఞనారాయణగారు లేచి నిలబడ్డారు. చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, చేతులు పక్కన ఆనించి, తల వంచారు. ఆయన్ని చూసి కుర్చీల్లో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లంతా, ఎందుకో తెలియకుండానే ఒక్కొక్కరే లేచారు. అంజమ్మ తుడుపుకర్ర గోడకానించి నిలబడింది.

వాసంతి బయటికొచ్చి ఈ వరస చూసి ఒక్క క్షణం తడబడింది. "ఆడపిల్ల. కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉండాలి. కానీ తనే ఊపిరి తీసుకుంటోంది. ఇక కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. ఆయన కూర్చోలేదు.