పసుపు కుంకుమ కింద అడిగిన ఓటు

నా మొగుడు పార్లమెంటుకు నిలబడుతున్నాడంటే నంద్యాలలో మొదట నవ్వింది నేనే. జడ్జి వినడం లేదని తెలిసీ మాట్లాడుతూనే ఉండే ప్లీడరు ఆయన. కోర్టు స్నేహితులు నలుగురు చేరి మునగచెట్టు ఎక్కించారు, ఈయన ఎక్కాడు. ఎక్కినవాడు దిగేటప్పుడు పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని నేనూ జీపెక్కాను. ఇదంతా డెబ్బైల నాటి సంగతి.

ఏ పార్టీ లేనివాడు కాబట్టి గొడుగు గుర్తు ఇచ్చారు. పాణ్యం అవతల ఒక మెట్టపల్లెలో ముసలాయన ఒకడు జీపుకు అడ్డం నిలబడి, "వానే లేదు గదప్పా, ఈ గొడుగు పెట్టుకోని ఏం జేసుకుందుం?" అన్నాడు. మా ప్లీడరు నా వైపు చూశాడు. "ఎండకు పట్టుకో తాతా" అని నేనే అన్నాను. మర్నాటి నుంచి ఆ మాట మైకులో మోగింది, తన సొంతమాట అయినట్టు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముందు దుమ్ము వాసన వస్తుంది. నల్లరేగడి దుమ్ము, పోస్టర్లు అంటించడానికి ఉడికించిన మైదాపిండి జిగురు, మూటలో జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. తర్వాత కార్లలో తిరిగాను కానీ, ఎగిరెగిరి పడే ఆ జీపులో ఉన్న సంతోషం మళ్లీ దొరకలేదు. మా దొడ్డిగోడకు అంటించిన గొడుగు బొమ్మ ఎనభైల దాకా వెలిసిపోతూ ఉండింది. దాన్ని గీకేయమని ఆయన అనేవాడు, నేను గీకనివ్వలేదు.

మా దిక్కున ఏ ఊళ్లో చూసినా రెండు వర్గాలు. ఒకరింట్లో మజ్జిగ తాగితే రెండోవాళ్ల ఓట్లు పోయినట్టే. అందుకని ఈయన ఇంటి నుంచి కూజా తెచ్చుకుని, ఎవరి గడపా తొక్కకుండా, జీపు పక్కనే నిలబడి నీళ్లు తాగేవాడు. బొంగురుపోయిన గొంతుతో, ఎండలో తలెత్తి కూజా వంచుకుంటున్న మనిషిని చూస్తే జాలేసేది. ఎంత వెక్కిరించినా నా మొగుడే కదా.

ఆడవాళ్లను అడగడం నా వంతు. కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, బొట్టు పెట్టి ఓటు అడగడం. ఆళ్లగడ్డలో ఒక వీధిలో ఊపు మీద పోతూ పోతూ, అరుగు మీదున్న టీచరమ్మ నుదుటి దాకా వేలు తీసుకుపోయాను. ఆమె నా చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"మేము చర్చికి పోయేటోళ్లం అక్కా, బొట్టు పెట్టుకోం. కూచో, కాఫీ తాగి పో. ఓటుకు బొట్టెందుకులే."

కుంకుమ అంటిన వేలును ఏం చేసుకోవాలో తెలియక నా బొట్టు మీదే అద్దుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. పక్కన సాయిబుల ఇంటికి పోయేటప్పుడు భరిణెను కొంగులో దాచిపెట్టాను.

నిజం చెబుతున్నాను, ఆయన గెలుస్తాడా లేదా అన్నది నాకు పట్టలేదు. ఆళ్లగడ్డ దగ్గర ఉన్న నా పుట్టినూరు మాత్రం ఆయన వైపు నిలబడాలి. పెళ్లాం పుట్టినూళ్లోనే ఓట్లు పడలేదని రేపు ఎవరూ ఆయన్ని ఎగతాళి చేయకూడదు. ఆ ఊరికి మా అన్నే పెద్ద. నాయన పోయాక నన్ను సాకి, పెళ్లి చేసింది ఆయనే. ఓటు రోజున మొదట ఆయన వేసి వచ్చి, సిరా పెట్టిన వేలు చూపిస్తే గానీ ఊరు కదిలేది కాదు. కానీ ఆ అన్న అప్పటికే అవతలి అభ్యర్థికి మాట ఇచ్చేశాడు. ఊరి పొలాలకు కాలవ నీళ్లు తెప్పించింది వాళ్లు.

మా జీపు చూసి అన్న ఎదురొచ్చాడు.

"కూజా ఆడనే పెట్టు బావా. నా ఇంట్లో నువ్వు అభ్యర్థివి కాదు" అన్నాడు.

ఓళిగలు, నెయ్యి, కమ్మటి పెరుగు. ప్రచారం మొత్తంలో మా ఆయన కడుపునిండా తిన్నది ఆ పూటే, అదీ అవతలి వర్గం ఇంట్లో.

భోజనాలయ్యాక, బేతంచెర్ల బండలు పరిచిన అరుగు మీద ఊరివాళ్లు చేరారు. వానల గురించి, ఎద్దుల గురించి మాట్లాడారు. ఓటన్న మాట ఎవరి నోటా రాలేదు. నాకు ఒళ్లు మండింది. లేచిపోయి అందరి ముందూ అన్నకు ఎదురుగా కొంగు పట్టాను.

"పెండ్లి అయినప్పటి సంది నిన్ను ఏమీ అడగలేదన్నా. ఈ పొద్దు అడుగుతాండా. పసుపు కుంకుమ కింద మా ఆయనకు ఓట్లు ఏపియ్యి."

ఆడబిడ్డ పసుపు కుంకుమ కింద అడిగితే పుట్టింటివాళ్లు కాదనకూడదు. చేలు రాసిచ్చిన అన్నలు మా దిక్కున ఉన్నారు. అది తెలిసే అడిగాను. మా ఆయన తల దించుకున్నాడు.

అన్న అరుగుబండ వైపు చూస్తూ అన్నాడు.

"పాడావును అడుగమ్మీ, ఇప్పుడే తోలిస్తా. చేను అడుగు, రాసిస్తా. ఈ మాట నాదొక్కనిది కాదు, ఊరంతటిదీ. యాడ నుంచి తెచ్చి నీ ఒళ్లో పొయ్యాల?"

"అయితే నీ ఒక్క ఓటన్నా ఎయ్యి" అన్నాను.

అన్న లేచి లోపలికి పోయాడు.

ఉత్త కొంగుతో జీపెక్కి ఆళ్లగడ్డ దాకా ఏడ్చాను. మా ఆయన కూజా అందించి, "మీ అన్నలాంటోడు నా పక్క ఒక్కడుంటే చాలు, గెలుస్తుంటి" అన్నాడు. ఆ మాటకు ఆయన మీదా కోపం వచ్చింది. నేను అడగడం తప్పని ఇప్పటికీ అనుకోను. సొంత అన్నను అడగక ఎవరిని అడగాలి?

ఓట్లు పడిన మరునాడు పొద్దున్నే అన్న నంద్యాలకు వచ్చాడు. మేము ఓడిపోతామని లెక్కించకముందే అందరికీ తెలుసు, మా పుట్టినూరు మాట ప్రకారం అటే వేసిందనీ తెలుసు. నేను పలకరించలేదు. పీట వేసి, చెంబుతో నీళ్లు పెట్టాను. ఆయన సంచీలోంచి చీర, పసుపు, కుంకుమ, బియ్యం మూట బయటికి తీశాడు.

"కొంగు పట్టమ్మీ. ఆ పొద్దు ఉత్త కొంగుతో పంపిస్తి" అన్నాడు.

ఒడిబియ్యం వదిన పోయాలి. వదిన రాలేదు, ఆయనే దోసిళ్లతో పోయడం మొదలుపెట్టాడు. ముఖం చూడబుద్ధి కాక ఆ చేతుల వైపే చూస్తున్నాను. ఎడమచేతి చూపుడువేలు శుభ్రంగా ఉంది. గోటి మీద గానీ, చర్మం మీద గానీ సిరా మరక లేదు. ఊరినంతా పంపించి, ఆయన మాత్రం ఇంట్లోనే కూర్చుండిపోయాడు.

తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"సరిగ్గా పట్టు" అన్నాడు. "బియ్యం కింద పడతాండాయి."