వాడని ఇన్‌లెట్ కింద సబ్బు బుడగ

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో అని అడిగి విసిగించే మనిషిని. చదివింది ఎనిమిదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

అప్పట్లో బెంగాలీల ఊళ్లో, గార్డెన్ రీచ్‌లో ఒక రంగుల కంపెనీ ల్యాబులో పని. థిన్నర్‌లో ఏమేం కలిశాయో విడదీసి చూపించే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉండేది. నమూనాను లోపలికి మోసుకెళ్లేది హైడ్రోజన్. నమూనా ఎక్కించే ఇన్‌లెట్లు రెండున్నా ఒకసారికి ఒకటే వాడేవాళ్లం. వాడనిదానికి వాల్వ్ కట్టేయాలి, ఆ యంత్రం ఓవెన్ లోపలున్న దాని కొసకి మూతనట్టు బిగించాలి. లేకపోతే ఓవెన్‌లో హైడ్రోజన్ నిండి, వేడి పెట్టగానే పేలుతుంది.

ఆ పని మా చిన్నాన్నది. అక్కడే ఫిట్టరు. నన్ను ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకునే బ్రష్షుతో ప్రతి నట్టుకీ సబ్బు నురగ పూసేవాడు. బుడగ లేస్తే లీకున్నట్టు. గ్యాస్ మీటరు చూస్తే చాలదా అని నేను నవ్వితే, "ఓరి లెక్కల మేస్టారూ, నీ మీటరు నిద్దరోతే ఏటి సేస్తావు?" అనేవాడు.

ఆయన పోయాక సబ్బు మానేశాను.

మూడు నెలలకి, ఒక శనివారం సాయంత్రం, వాడటం ఆపేసిన ఇన్‌లెట్‌కి ఉన్న పాత గొట్టాన్ని, మూతనట్టు వేయడానికి మొదటిసారి నేనే విప్పాను. ఆదివారం సెలవు, సోమవారం బంద్. మంగళవారం తొమ్మిదింటికి తాళం తీసి సిలిండర్ తిప్పాను. ఓవెన్ స్విచ్ మీద వేలు పెట్టబోతూ చూస్తే ఓవెన్ తలుపు ఓరగా తెరిచి ఉంది. మూయడానికి వంగాను.

వాడని ఇన్‌లెట్ కింద తెల్లటి నురగ. అందులోంచి బఠాణీ అంత బుడగ లేచి, నేను చూస్తుండగానే ద్రాక్షపండంత అయి పగిలింది. వెంటనే ఇంకొకటి.

మూతనట్టు తగిలించాను గానీ బిగించలేదు. వాల్వ్ కట్టనే లేదు.

సిలిండర్ ఆపి, కిటికీలన్నీ తీసి, బయట మెట్ల మీద కూర్చుండిపోయాను.

తర్వాత అదే నట్టుకి సబ్బు పూసి, గడియారం పట్టుకుని పదకొండుసార్లు చూశాను. వానాకాలం తేమలోనూ పూసిన తడి నలభై నిమిషాలకి మించి నిలవలేదు. రెండో తాళంచెవి గేటు దగ్గర లక్కముద్ర కవరులో ఉంది. ముద్ర చెదరలేదు. "రెండు రోజులూ ఈ పక్కకి కాకి కూడా రాలేదు దాదా" అన్నాడు దర్వాన్. చిన్నాన్న సబ్బుగిన్నె అలమరలో ఎండి బీటలు వారి ఉంది.

ఆ వచ్చిన ఆదివారం టికియాపారాలో పిన్ని ఇంటికి వెళ్లి చెప్పాను. కత్తిపీట పక్కకి నెట్టి నా చేతులు తడిమి చూసింది. "నీకేటీ అవలేదు గదా?" అంది. నా చేతులు వదలకుండానే, "మీ సిన్నాన్న అగుపడ్డాడేటి? సిక్కిపోనాడా?" అని అడిగింది.

నేను చూసింది నురగనే. అయినా "లేదు పిన్నీ, బాగానే ఉన్నాడు" అన్నాను.

ఆ నురగ ఎవరు పూశారో ఇప్పటికీ చెప్పలేను. ఆ మధ్యాహ్నం మాత్రం, చిన్నాన్న పోయాక ఇన్నాళ్లకి, పిన్ని నా పక్కన కూర్చుని కడుపునిండా తింది.