శనివారం ఉపవాసం, ఆదివారం పరుగు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున ఫరీదాబాద్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, పాపా నహీ రహే" అని ఏడ్చింది. డ్యూటీకి బయల్దేరుతూ యూనిఫాంలో ఉన్నాను. అలాగే కూలబడి ఏడ్చాను. ఈ యూనిఫాం ఆయన చలవే.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. తొంభైల్లో నేను కరోల్ బాగ్‌లో అద్దెగదిలో ఉండి ఎస్సై ఉద్యోగానికి తయారయ్యేదాన్ని. రాతపరీక్ష గట్టెక్కింది, పరుగు మిగిలింది. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. తప్పితే గుంటూరు రైలెక్కడమే. కరోల్ బాగ్‌లోనే ఓ బడిలో డ్రిల్లు చెప్పే ఈ తెలుగాయన, పొద్దున్నే మాలాంటివాళ్ళకి పరుగు నేర్పేవారు. ఆయనకి వెటకారం ఎక్కువ. మొదటి రౌండులోనే దూసుకుపోతే, "రైలేమీ వెళ్ళిపోవట్లేదు తల్లీ!" అనేవారు.

ఆదివారాలు వాచీ పట్టుకుని, అచ్చం పరీక్షలాగే పరిగెత్తించేవారు. ప్రతి ఆదివారం చివరి రౌండులో నేను చతికిలపడేదాన్ని.

"వారమంతా లేడిపిల్లవి. ఆదివారం నీ కాళ్ళకి సెలవా?"

"నిన్న శనివారం కదండీ, ఉపవాసం. ఉద్యోగం వచ్చేదాకా ఉంటానని వెంకన్నకి మొక్కుకున్నాను. మజ్జిగ తప్ప ఏమీ ముట్టను."

అసలు పరుగు కూడా ఆదివారమే పడింది. మొక్కు మానమంటారేమో, చస్తే మాననని బిగుసుకుని నిలబడ్డాను.

ఆయన నవ్వేశారు. "మానమని ఎవరన్నారు? అన్నం ముట్టకు. అరటిపండు తినొద్దన్నాడా స్వామి? చిలగడదుంప? బెల్లం? ఒంట్లో పిండిపదార్థం నిండుకుంటే మొదటి రౌండు పౌరుషంతో లాగుతావు. చివరి రౌండు పౌరుషంతో కాదమ్మా, తిన్న తిండితో లాగాలి."

పరీక్ష ముందురోజు సాయంత్రం ఉడికించిన చిలగడదుంపలు తనే తెచ్చి, "నైవేద్యం పెట్టి తిను. రేపు లేవగానే రెండు అరటిపళ్ళు. గ్రౌండుకొచ్చాక మాత్రం ఏమీ తినకు, కడుపు పట్టేస్తుంది" అన్నారు. దేవుణ్ణి నమ్మని మనిషి, నేను దణ్ణం పెట్టుకునేదాకా చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డారు.

మర్నాడు చివరి రౌండులో కాళ్ళు బరువెక్కుతాయని ఎదురుచూశాను. ఎక్కలేదు. ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళి గీత దాటాను. ఒంట్లో ఇంకా సత్తువ ఉంది, ఆగబుద్ధి కాలేదు. కంచె అవతల మాస్టారు నాతోపాటే పరిగెడుతూ, రొప్పుతూ, నవ్వుతూ, "అయిపోయిందమ్మా, చాలు, ఇక ఆగు!" అని అరుస్తున్నారు.